కోటేశ్వరి కనిపెట్టిన జబ్బు

చిలకలూరిపేటలో జయదేవ్ గారి పిల్లల ఆసుపత్రికి ఎవరు వెళ్ళినా ముందు కళ్ళు పడేది చేపల తొట్టి మీదే. హాల్లో ఎదురుగోడ పొడుగునా నాలుగున్నర అడుగుల గాజు తొట్టి. అందులో అరచేయంత వెడల్పున, గుండ్రంగా, ఎరుపూ నీలం చారలతో కొన్ని చేపలు నిదానంగా తిరుగుతుంటాయి. వాటిని డిస్కస్‌లంటారు. వాటి మధ్య నుంచి పైకీ కిందికీ పొడుగాటి రెక్కలున్న పలచటి వెండిరంగు చేపలు చురుగ్గా దూసుకుపోతుంటాయి. అవి ఏంజెల్‌లు. సూది వేస్తారని దారంతా ఏడ్చుకుంటూ వచ్చిన పిల్లలు ఆ గాజుకి ముక్కు ఆనించి నిలబడిపోతారు.

మా చిన్నదానికి టీకాలన్నీ అక్కడే వేయించాను. నాలుగేళ్ళుగా వెళ్తూ వస్తూ ఉండటంతో డాక్టరుగారికంటే ఆ తొట్టి చూసుకునే కోటేశ్వరితోనే నాకు ఎక్కువ చనువు ఏర్పడింది. ఆవిడ ఆ ఆసుపత్రిలో ఆయా. నేను చెప్పబోయే దాంట్లో కొంత ఆవిడ చెప్పగా విన్నది, కొంత డాక్టరుగారు తనంతట తానే చెప్పింది. చివరి ముక్క మాత్రం నా కళ్ళతో చూసింది.

కోటేశ్వరిది నాదెండ్ల దగ్గర పల్లె. ఇప్పుడు నలభై మూడేళ్ళు. బడి మానేసిన పన్నెండో ఏట నుంచీ మిరపచేలల్లోనే పెరిగింది. పెళ్ళయ్యాక భర్తకి స్పిన్నింగు మిల్లులో పని దొరికితే పేటకి వచ్చారు. జయదేవ్ గారు ఆసుపత్రి పెట్టిన ఏడాదే పనిలో చేరింది. ఊడవటం, తుడవటంతో మొదలుపెట్టి, సూది వేసేటప్పుడు పిల్లల్ని కదలకుండా పట్టుకోవటం, జ్వరం చూసి చీటీ మీద రాయటం దాకా నేర్చుకుంది. పసివాళ్ళ గుడ్డ మార్చేటప్పుడు విరేచనం రంగు చూసి, "ఈ బిడ్డని ముందు లోపలికి పంపండమ్మా, ఆలస్యం చెయ్యొద్దు" అని చెప్పేది. చాలాసార్లు ఆవిడ చెప్పిందే నిజమయ్యేదని డాక్టరుగారు అంటారు.

ఆదివారం ఆసుపత్రికి సెలవు. జనవరి నుంచి మార్చి దాకా ఆదివారాలు మాత్రం ఆవిడ సొంత ఊరికి పోయి మిరపకోతలో దిగేది. కూలి ఒక్కటే కాదు. వదినలు, చిన్ననాటి స్నేహితురాళ్ళు అందరూ ఒకే ముఠా. కోస్తూ కబుర్లు, గట్టు మీద అందరి క్యారియర్లూ విప్పుకుని తినటం, సాయంత్రం ట్రాలీ ఆటోలో గోలగోలగా తిరిగిరావటం. "ఆరు రోజులు ఏడ్చే పిల్లల్ని పట్టుకుంటానమ్మా, ఏడో రోజు నవ్వేవాళ్ళ దగ్గర ఉండొద్దా?" అంది నాతో ఒకసారి.

తొట్టి డాక్టరుగారి ముచ్చట. మొదట్లో గోల్డ్‌ఫిష్‌లు వేస్తే వారానికొకటి చచ్చిపోయేది. చివరికి బస్టాండు దగ్గర అక్వేరియం షాపు నడిపే అన్వర్‌ని పిలిపించి, నీళ్ళు పరీక్ష చేయించి, ఆరు డిస్కస్‌లు వేయించారు. అన్వర్ పదిహేను రోజులకోసారి వచ్చి నీళ్ళు మార్చేవాడు. మనవైపు బోరునీళ్ళలో సున్నం ఎక్కువ, డిస్కస్‌కి మెత్తటి నీళ్ళు కావాలి. అందుకని ఫిల్టరు నీళ్ళు, ఒకరోజు నిలవుంచిన కుళాయినీళ్ళు కలిపి పోసేవాడు. పక్కన బకెట్టు పట్టుకు నిలబడే కోటేశ్వరి అడిగి అడిగి అన్నీ తెలుసుకుంది. రెండేళ్ళలో పైపు పెట్టి అడుగున చెత్త లాగటం, మేత పెట్టటం, నీటి వేడి చూడటం అన్నీ ఆవిడ చేతికే వచ్చాయి.

"ఇరవై తొమ్మిది డిగ్రీలు ఉండాలమ్మా. తగ్గితే వీటికి ఆకలి పోద్ది. పిల్లలకి జొరం వస్తే మనకి దిగులు, వీటికి చల్లబడితే దిగులు" అనేది.

ఏంజెల్‌లు రెండేళ్ళ కిందట వచ్చాయి. డాక్టరుగారు ఫోనులో ఏదో వీడియో చూశారు. అందులో ఒకే తొట్టిలో డిస్కస్‌లూ ఏంజెల్‌లూ కలిసి తిరుగుతున్నాయి. అది చూసిన దగ్గర్నుంచీ ఆయనకి మనసు నిలవలేదు. ఒక శనివారం సాయంత్రం స్వయంగా అన్వర్ షాపుకి వెళ్ళి నాలుగు పిల్ల ఏంజెల్‌లని కవర్లో వేయించుకున్నారు. అన్వర్ చెప్పాల్సినవన్నీ చెప్పాడు.

"రెండూ ఒక కుటుంబానివే సార్, ఒకే నది నీళ్ళలో బతికేవే. కలిపి పెంచొచ్చు. కాకపోతే ఇవి గడుసువి. మేత పడగానే ముందు ఇవే మింగేస్తాయి, డిస్కస్ ఆలోచించుకుని వచ్చేలోపు అయిపోద్ది. ఇంకో సంగతండి. ఓ నెలరోజులు వీటిని వేరే తొట్టిలో ఉంచి, అప్పుడు కలపండి. వీటి కడుపులో పురుగున్నా వీటికేం కాదు, మోసుకు తిరుగుతాయి. డిస్కస్ తట్టుకోలేదు."

డాక్టరుగారు అన్నిటికీ తలూపారు. వేరే తొట్టి ఆయన దగ్గర లేదు. సోమవారం పొద్దున్న పిల్లలు చూసి సంబరపడతారన్న ఆలోచనే ఉంది. అరగంట కవరుని నీళ్ళలో తేలనిచ్చి, నాలుగింటినీ తొట్టిలోకి వదిలేశారు. ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆయన నా మొహం చూడలేదు. మా అమ్మాయి చీటీ మీద బరువు రాస్తూ చెప్పారు.

సోమవారం పొద్దున్న కోటేశ్వరి వచ్చి చూసి ముచ్చటపడింది. నాలుగు కొత్త చేపలు, ఎంత చలాకీగా ఉన్నాయో. ముందురోజు మిరపకోతకి వెళ్ళి వచ్చింది కాబట్టి చేతులకి నూనె రాసి, సబ్బుతో రెండుసార్లు కడుక్కునే తొట్టిలో చేయి పెట్టింది. ఎప్పుడూ అలాగే చేసేది.

పది రోజులు గడిచేసరికి డిస్కస్‌లు మారిపోయాయి. ఎరుపు రంగు కమిలిపోయి నల్లబడ్డాయి. రెక్కలు ముడుచుకుని, వెనక మూలన గోడవైపు మొహం పెట్టి నిలబడేవి. మేత వేస్తే వచ్చి నోట్లోకి తీసుకుని ఉమ్మేసేవి. ఏంజెల్‌లు మాత్రం మామూలుగానే తింటూ తిరిగేవి. పన్నెండో రోజు పొద్దున్న ఒక డిస్కస్ పక్కకి ఒరిగి ఫిల్టరు దగ్గర పడి ఉంది.

డాక్టరుగారు ఆ రోజు కాఫీ తాగలేదు. నీళ్ళు మార్చారా, వేడి తగ్గిందా, ఎవరైనా ఏమైనా వేశారా అని అందర్నీ అడిగారు. చీటీలు రాసే అమ్మాయి ఏ దురుద్దేశమూ లేకుండానే ఒక మాట అంది.

"కోటేశ్వరమ్మ ఆదివారాలు మిరపకోతకి వెళ్తుంది కదండీ. సోమవారం అదే చేత్తో తొట్టి శుభ్రం చేస్తుంది."

డాక్టరుగారు కోటేశ్వరి చేతులవైపు చూశారు. ఎంత కడిగినా గోళ్ళ అంచుల్లో ఆ ఎరుపు వారంరోజులైనా పోదు.

"నీళ్ళలో మిరపఘాటు కలిస్తే వాటి మొప్పలు ఏమవుతాయి, కోటేశ్వరీ? ఇకనుంచి నువ్వు తొట్టిలో చెయ్యి పెట్టొద్దు" అన్నారు. గొంతు పెంచలేదు. మామూలుగా మందు మోతాదు చెప్పినట్టే చెప్పి లోపలికి వెళ్ళిపోయారు.

"తిడితే బాగుండేదమ్మా, ఏదో ఒకటి తిరిగి చెప్పేదాన్ని" అంది కోటేశ్వరి నాతో. "ఆయన అట్టా అనేసరికి నేనే చంపానేమో అనిపించింది."

అలా అనిపించటానికి కారణం ఉంది. కూతురు శ్రీజకి రెండేళ్ళప్పుడు, ఒకరోజు చేనునుంచి వచ్చి పిల్ల మొహానికి అంటిన మన్ను తుడిచింది. చేతులు కడుక్కున్నాననే అనుకుంది. పిల్ల కళ్ళు వాచిపోయి, పొద్దుపోయేదాకా గుక్కపట్టి ఏడ్చింది. ఇప్పుడు శ్రీజ గుంటూరులో నర్సింగు చదువుతోంది, దానికి ఆ సంగతే గుర్తులేదు. తల్లికి మాత్రం తన చేతుల మీద ఆ అనుమానం అట్లాగే ఉండిపోయింది.

ఆ వారం నుంచి తొట్టి పని చీటీలు రాసే అమ్మాయి చేసింది. కోటేశ్వరి చేనుకి వెళ్ళటం కూడా మానేసింది. ముఠా వాళ్ళు ఆదివారం పొద్దున్నే ఆటో తెచ్చి ఇంటిముందు ఆపితే, ఒంట్లో బాగాలేదని చెప్పి పంపించేసింది. ఆసుపత్రిలో నేల తుడుస్తూ కూడా తొట్టివైపు చూడకుండా వెళ్ళేది. పిల్లలెవరైనా చెయ్యి పట్టుకుని చేపలు చూపించమంటే, "అక్కయ్యని అడుగు నాన్నా" అనేది.

తొమ్మిది రోజులకి రెండో డిస్కస్ చనిపోయింది.

దాన్ని తీసి పారేయటానికి కోటేశ్వరినే పిలిచారు. ప్లాస్టిక్ గిన్నెలో దాన్ని పెరట్లోకి తీసుకెళ్తూ ఆవిడ నిలబడిపోయింది. తాను తొట్టి ముట్టుకుని తొమ్మిది రోజులైంది. ఈలోపు రెండుసార్లు నీళ్ళు మార్చారు. తన చేతి ఘాటే అయితే ఇంకా ఎక్కడుంటుంది?

మధ్యాహ్నం ఓపీ అయ్యాక బస్టాండు దాకా నడుచుకుంటూ అన్వర్ షాపుకి వెళ్ళింది. అన్వర్ ఒక కస్టమరుకి మేత పొట్లం కడుతున్నాడు.

"తమ్ముడూ, ఒక మాట అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పు. మిరపకాయ చెయ్యి పెడితే చేప చచ్చిపోద్దా?"

"ఎవరి చెయ్యక్కా?"

"నా చెయ్యే."

అన్వర్ చేతిలో పొట్లం పక్కన పెట్టి, స్టూలు జరిపి కూర్చోమన్నాడు. మొదట్నుంచీ అడిగాడు. కోటేశ్వరి రోజులవారీగా చెప్పింది. ఎప్పుడు నల్లబడ్డాయి, ఎప్పుడు మేత ఉమ్మేశాయి, ఎప్పుడు మూలకి చేరాయి.

"ఘాటు తగిలితే అప్పటికప్పుడే తెలుస్తుందక్కా. నీళ్ళపైకొచ్చి గిలగిల్లాడతాయి. ఏంజెల్‌లు కూడా గిలగిల్లాడాలి, వాటికేం రాతి మొప్పలు లేవుగా. ఇట్టా పది పన్నెండు రోజులు మెల్లగా చిక్కిపోవటం ఘాటు పని కాదు." వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టి అడిగాడు. "ఏంజెల్‌లని నెలరోజులు వేరే ఉంచారు కదా?"

"వేరే ఎక్కడ? శనివారం తెచ్చి శనివారమే వేశారంట."

అన్వర్ తల గోక్కున్నాడు. తర్వాత, "వెళ్ళి వాటి వెనకాల చూడక్కా. దొడ్డికి ఎట్టా వెళ్తున్నాయో చూడు. తెల్లగా, దారంలాగా, జిగటగా వేలాడుతుంటే కడుపులో పురుగు. నువ్వు పిల్లల దగ్గర చూసేదే కదా, నీకు నేను చెప్పక్కర్లేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున్న గదులు తుడిచేసి, తొట్టి ముందు కింద కూర్చుంది. పది రోజుల తర్వాత మొదటిసారి దానివైపు తేరిపార చూసింది. మిగిలిన నాలుగు డిస్కస్‌లూ మూలనే ఉన్నాయి. ఒకదాని వెనక తెల్లటి పోగు. ఇంకోదాని వెనకా. అవి సరే, జబ్బువి. ఏంజెల్‌లని చూసింది. అవి కుదురుగా ఉండవు, మెడ తిప్పితిప్పి చూడాల్సి వచ్చింది. అన్నిటికంటే పెద్దది, బాగా తింటున్నది, ఒళ్ళు నిగనిగలాడుతున్నది, దాని వెనక కూడా అదే తెల్లటి పోగు, వేలెడు పొడుగున.

డాక్టరుగారు వచ్చేసరికి ఆవిడ ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

"ఏంటి కోటేశ్వరీ, అక్కడ కూర్చున్నావ్?"

"చెయ్యి పెట్టలేదండి. చూస్తున్నానంతే." లేచి నిలబడింది. "డాక్టరుగారూ, చేపలకి విరేచనం తెల్లగా, జిగురుగా పోతందండి. నల్లబడ్డ వాటికే కాదు, కొత్తగా వచ్చినవాటికి కూడా. కొత్తవాటికి ముందునుంచీ ఉండుంటదండి. అవి బాగానే ఉన్నాయి, ఇవి తట్టుకోలేకపోతన్నాయి. మన దగ్గరికి ఒకే ఇంట్లోంచి ఇద్దరు పిల్లలొస్తే, ఒకడికి ఏమీ ఉండదు, రెండోవాడు నీరసపడిపోతాడు చూడండి, అట్టాగ."

ఆయన బ్యాగు బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, తొట్టి ముందు వంగారు. చాలాసేపు చూశారు. బయట అప్పటికే నలుగురైదుగురు తల్లులు వరసలో కూర్చున్నారు.

"అన్వర్ నాకు చెప్పాడు కోటేశ్వరీ, వేరే తొట్టిలో ఉంచమని" అన్నారు చివరికి. "నేనే వినలేదు."



చీటీలు రాసే అమ్మాయినీ, మందులిచ్చే అతన్నీ పిలిచి వాళ్ళ ముందు కూడా అదే మాట చెప్పారు. "చేపలు చనిపోయింది నా తొందరవల్ల. కోటేశ్వరి చేతులవల్ల కాదు. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది." వరసలో కూర్చున్న తల్లులు ఇదేమిటో అర్థంకాక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కోటేశ్వరి తర్వాత నాతో, "ఆయన అట్టా అందరి ముందూ చెప్తారనుకోలేదమ్మా. ఎటు చూడాలో తెలియక చీపురు తీసుకుని వరండాలోకి పోయాను" అంది.

ఆ జబ్బుకి మందు పిల్లల విరేచనాలకి ఆయన అప్పుడప్పుడూ రాసే బిళ్ళే. అన్వర్ వచ్చి మోతాదు చెప్పాడు. డాక్టరుగారు లెక్కవేశారు. కోటేశ్వరి రోకలితో పొడి చేసి నీళ్ళలో కలిపింది. నీటి వేడి రెండు డిగ్రీలు పెంచి, పది రోజులపాటు రోజు విడిచి రోజు నీళ్ళు మార్చారు. ఆరో రోజున ఒక డిస్కస్ మూలనుంచి బయటికి వచ్చి నాలుగు మెతుకుల మేత తిన్నది. ఆవిడ ఆ కబురు చెప్పటానికి, లోపల పేషెంటు ఉండగానే తలుపు తీసిందట. డాక్టరుగారు స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి విని, "సాయంత్రం ఇంకొంచెం పెట్టు" అన్నారట.

నాలుగు డిస్కస్‌లూ బతికాయి. కానీ కలిపి పెంచటం అంతటితో తేలిపోలేదు. ఏంజెల్‌లు పెరిగాయి. అన్వర్ చెప్పినట్టే మేతంతా అవే మింగేవి. కోటేశ్వరి దానికో పద్ధతి పెట్టుకుంది. ముందు కుడి చివర తేలే మేత వేసి ఏంజెల్‌లని అటు లాగేది. అవి అక్కడ కొట్టుకుంటుండగా ఎడమ చివర పొడుగు గొట్టంతో డిస్కస్‌ల నోటి దగ్గరికి మెత్తటి పురుగుల మేత దించేది. పెద్ద ఏంజెల్ ఒకటి పద్దాకా డిస్కస్‌లని పక్కల్లో పొడుస్తుంటే, నెలరోజులు ఓపికపట్టి, ఇక లాభం లేదని దాన్ని అన్వర్‌కి తిరిగి ఇచ్చేసింది. మిగిలిన మూడూ సర్దుకున్నాయి. సర్దుకున్నాయంటే స్నేహమేమీ కాదు. "ఒక బస్సులో ఎక్కినవాళ్ళలాగా ఉంటాయమ్మా" అంది.

చేనుకి వెళ్ళటం మళ్ళీ మొదలుపెట్టింది. డాక్టరుగారు పొడుగు గ్లవ్స్ డబ్బా ఇచ్చారు. వాటితో కోస్తే తొడిమ చేతికి తెలియదని పక్కన పెట్టేసింది. సోమవారాలు మాత్రం తొట్టి పని మధ్యాహ్నానికి మార్చుకుంది. అన్వర్ ఊళ్ళో ఇంకో మూడు చోట్ల తొట్లు చూడటానికి ఆవిణ్ణి పంపుతున్నాడు. ఒక పళ్ళ డాక్టరు, ఒక బట్టల షాపు, ఒక లాయరుగారి ఇల్లు. లాయరుగారి భార్య ఆవిడకి కుర్చీ వేసి, టీ ఇచ్చి, చేపలకి ఒంట్లో ఎలా ఉందని అడుగుతుందట.

ఇక నేను చూసింది. కిందటి వర్షాకాలంలో డిస్కస్‌లలో రెండు జతకట్టాయి. తొట్టిలో నిలబెట్టిన మట్టి గొట్టం మీద గుడ్లు పెట్టాయి. మధ్యాహ్నానికల్లా ఏంజెల్‌లు వాటిని తినేశాయి. మరోసారి పెట్టినప్పుడు తల్లిదండ్రులే బెదిరి తినేశాయి. ముచ్చటగా మూడోసారి పెట్టగానే కోటేశ్వరి అన్వర్‌ని పిలిపించి, తొట్టి మధ్యలో గాజుపలక అడ్డంగా దింపించింది. ఇవతల ఆ జంట, అవతల మిగతావన్నీ. రెండువైపులా వేరువేరుగా హీటరు, గాలి గొట్టం. జంట ఉన్న వైపు గాజుకి బయట ఒక పాత చీర ముక్క కట్టి, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. డాక్టరుగారు కూడా అడిగే చూసేవారు.

వారం దాటాక నేను మా అమ్మాయికి దగ్గు చూపించటానికి వెళ్ళాను. హాలు నిండా జనం. కోటేశ్వరి నన్ను చూసి, రమ్మని సైగచేసి, చీర ముక్క కొంచెం పక్కకి తొలగించింది.

రెండు పెద్ద చేపలూ ఎదురెదురుగా కదలకుండా ఉన్నాయి. వాటిలో ఒకదాని ఒంటి నిండా మిరపగింజంత నలుసులు అతుక్కుని ఉన్నాయి. నలుసులు కావు, పిల్లలు. తల్లి ఒంటి మీద ఊరే జిగురుని కొరుక్కు తింటున్నాయి.

"పాలున్నట్టే అమ్మా, ఒంటిమీదే ఊరుతుంది" అంది ఆవిడ మెల్లగా. "పది రోజుల దాకా ఇంకేం తినవు. తల్లి అలిసిపోతే చూడండి."

నేను చూస్తుండగానే ఆ చేప ఒక్కసారి ఒళ్ళు విదిలించి పక్కకి తప్పుకుంది. పిల్లలన్నీ నీళ్ళలో చెదిరి, ఒక్క క్షణం తడబడి, ఎదురుగా ఉన్న తండ్రి ఒంటికి పోయి అతుక్కున్నాయి.

మా వెనక చంటిబిడ్డని భుజాన వేసుకున్న ఒకావిడ తొంగిచూసి, "ఇదేంటమ్మా, మొగుడు కూడా ఇస్తాడా?" అంది. చుట్టూ నవ్వులు. ఇంకో ఇద్దరు తల్లులు లేచి వచ్చారు. కోటేశ్వరి చప్పుడు చెయ్యొద్దని వేలు పెదాల మీద పెట్టి, ఒక్కొక్కరినీ ముందుకు రానిచ్చి, చూశాక పక్కకి జరపటం మొదలుపెట్టింది. వరస పెరిగింది. గాజుపలకకి అవతల మూడు ఏంజెల్‌లు మామూలుగా అటూ ఇటూ తిరుగుతున్నాయి.

గదిలోంచి డాక్టరుగారు రెండుసార్లు గంట కొట్టారు. ఎవరూ లోపలికి రాకపోయేసరికి ఆయనే బయటికి వచ్చి చూశారు. మెడలో స్టెతస్కోపుతో వచ్చి వరసలో చివర నిలబడ్డారు.